ట్రాక్‌కి వెళ్లిన కారులోనే ఇంటికి: ఆరేళ్లుగా నా స్విఫ్ట్

నా కారు 2018 మారుతి స్విఫ్ట్. పెట్రోలు, జెడ్‌ఎక్స్‌ఐ మోడల్, మాన్యువల్ గేర్లు. నంబర్ ప్లేటు మీద ఏపీ 26 అని ఉంటుంది. అంటే రాష్ట్రమంతటికీ ఏపీ 39 రాకముందు నెల్లూరులో రిజిస్టరైన బండి. 2019 చివర్లో, 21 వేల కిలోమీటర్లు తిరిగాక, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పుడు మీటరు 94 వేలు చూపిస్తోంది. ఈ మధ్యలో 14 సార్లు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద తిప్పాను. 14 సార్లూ ఇదే కారులో వెళ్లాను, 13 సార్లు ఇదే కారులో ఇంటికొచ్చాను. మిగిలిన ఆ ఒక్కసారి ఏమైందో కింద చెబుతాను. తప్పు కారుది కాదు.

ముందు నా పరిస్థితి చెప్పాలి, లేకపోతే ఈ ఎంపిక అర్థం కాదు. మా ఇంట్లో కారు ఒక్కటే. ఆదివారం ట్రాక్ మీద తిరిగిన బండే సోమవారం పొద్దున పిల్లల్ని స్కూల్లో దించాలి. ట్రాక్ కారుని ట్రైలర్ మీద వేసుకెళ్లే స్తోమత నాకు లేదు. నెల్లూరు నుంచి ట్రాక్ గేటు దాకా దాదాపు 190 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరి సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి దాటి, చెన్నై ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే బెంగళూరు హైవే మీద తేలతాం. దారిలో షోళవరం తగులుతుంది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రాకముందు మద్రాసు రేసులన్నీ అక్కడి పాత యుద్ధకాలపు విమానాల రన్‌వే మీదే జరిగేవి. ప్రతిసారీ ఆ ఊరు దాటేటప్పుడు మా బామ్మర్దికి ఆ సంగతి చెబుతాను, ప్రతిసారీ వాడు నిద్రపోతుంటాడు.

ట్రాక్ డేకి, అంటే సొంత బండిని పోటీ లేకుండా రేసు ట్రాక్ మీద తిప్పుకునే రోజుకి, ఏ కారు కొనాలి అని అడిగేవాళ్లు ముందు పవర్ దగ్గర మొదలుపెడతారు. నేనూ అంతే. రెండు నెలలు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐల చుట్టూ, మారుతి బలెనో ఆర్ఎస్‌ల చుట్టూ తిరిగాను. జీటీ 105 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. బలెనో ఆర్ఎస్ 102 పీఎస్, పైగా వెనక కూడా డిస్క్ బ్రేకులు. వాటి పక్కన నా స్విఫ్ట్ 83 పీఎస్, 113 న్యూటన్ మీటర్లు, వెనక డ్రమ్ము బ్రేకులే. ఈ అంకెలు చూస్తే ఎవరూ స్విఫ్ట్ కొనరు. నేను కొనడానికి కారణం దాని బరువు. 880 కిలోలు దాటదు. పోలో జీటీ టన్ను దాటిన బండి.

బరువు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ట్రాక్ మీద ఖర్చంతా అక్కడే పుడుతుంది. రోడ్డు మీద బ్రేకు అప్పుడప్పుడు వేస్తాం. ట్రాక్ మీద ల్యాపు ల్యాపుకీ, గట్టిగా, చల్లారే వ్యవధి ఇవ్వకుండా వేస్తాం. 120లో ఉన్న బండికీ 140లో ఉన్న బండికీ వేగంలో తేడా ఆరో వంతే, కానీ ఆపేటప్పుడు బ్రేకులు మింగాల్సిన వేడిలో తేడా మూడో వంతుకి పైనే. అంటే పవర్ ఎక్కువున్న బరువైన బండి స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నటి దారి) చివరకి ఎక్కువ వేగంతో వస్తుంది, ఎక్కువ బరువుతో వస్తుంది, రెండు రకాలుగానూ బ్రేకు ప్యాడ్లని తింటుంది. స్విఫ్ట్ నెమ్మదిగా వస్తుంది, తేలిగ్గా వస్తుంది. మా బ్యాచ్‌లో అందరికంటే ఎక్కువ ల్యాపులు తిరిగేది నేనే, అందరికంటే తక్కువ ఖర్చయ్యేదీ నాకే. వాళ్లు బ్రేకులు చల్లారబెట్టుకుంటూ పిట్స్‌లో (ట్రాక్ పక్కన బండ్లు ఆపుకునే చోటు) కూర్చున్నప్పుడు నేను ట్రాక్ మీద ఉంటాను.

ఇక ఆ ఒక్కసారి సంగతి. అది నా రెండో ట్రాక్ డే. మొదటిసారి ఏమీ కాలేదు కదా అన్న ధీమాతో వెళ్లాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు, నేనూ మార్చలేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, మా నెల్లూరు లాంటి సముద్రపు గాలి ఊళ్లలో మరీను. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మరిగితే బుడగలు వస్తాయి, బుడగల్ని నొక్కితే నలుగుతాయి తప్ప బండి ఆగదు. మూడో సెషన్‌లో, ఆరో ల్యాపు అనుకుంటా, పెడల్ మీద కాలేస్తే స్పంజి మీద వేసినట్టు కిందికి పోయింది. రెండుసార్లు పంపింగ్ చేశాను, గేరు దించాను, అయినా చాల్లేదు. మలుపు బయటికి మట్టిలోకి వెళ్లి, ఏదో గుంతలో ఎడమ చక్రం దిగబడి ఆగింది. నాకేమీ కాలేదు. అలాయ్ వీల్ వంగింది, చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వంగింది.

కారుని శ్రీపెరుంబుదూరులో ఒక మెకానిక్ షెడ్డుకి లాక్కెళ్లారు. నేను రాత్రి బస్సులో నెల్లూరు వచ్చి, బస్సంతా ఇంట్లో ఏం చెప్పాలా అని ఆలోచించాను. మర్నాడు మధ్యాహ్నానికి మెకానిక్ ఫోన్ చేశాడు, బండి రెడీ అని. లోయర్ ఆర్మ్ ఆ ఊళ్లోనే ఒక స్పేర్ పార్ట్స్ కొట్టులో దొరికిందట. నిజం చెప్పాలంటే, ఈ కారు మీద నాకు గురి కుదిరింది ఆ ఫోన్ వచ్చినప్పుడే. చెడిపోని బండి అంటూ ట్రాక్ మీద ఉండదు. చెడిపోయిన మర్నాటికి, ఊరు కాని ఊళ్లో, భాష సగమే వచ్చిన మెకానిక్ చేతిలో బాగుపడిందంటే అదీ బండి! రిలయబిలిటీ అంటే ఇంజిన్ లక్ష కిలోమీటర్లు పోవడం అని అంతకుముందు అనుకునేవాణ్ణి.

మారుతి ఇంజిన్లకి ఇక్కడి రేసింగ్‌లో చరిత్ర కూడా ఉంది. కోయంబత్తూరుకి చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్ పెట్టి సింగిల్ సీటర్ రేసు కార్లు కట్టాడు. చవగ్గా దొరికేది, ఎవరైనా విప్పి బిగించగలిగేది కాబట్టే ఆ ఇంజిన్. కోయంబత్తూరు పక్కనున్న కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు. ఆయన లెక్కే నాదీ, కాకపోతే నా బండికి బూట్‌లో పులిహోర క్యారేజీ కూడా పెట్టుకునే వీలుంది.

నేను మార్చినవి చాలా తక్కువ. బ్రేక్ ఆయిల్ డాట్ 4, ప్రతి రెండు ట్రాక్ డేలకి ఒకసారి మొత్తం మార్చి ఎయిర్ తీయిస్తాను. ముందు ప్యాడ్లు కొంచెం ఎక్కువ వేడి తట్టుకునే రకం. అవి చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాయి. స్కూలు గేటు దగ్గర అందరూ తిరిగి చూస్తారు, మా పాప సిగ్గుపడుతుంది. మొదటిసారి ట్రాక్ నుంచి వచ్చాక పాత ప్యాడ్లు చూసిన మా మెకానిక్ "ఏందన్నా ఇది, తిరుమల ఘాట్ న్యూట్రల్‌లో దిగినారా?" అన్నాడు. వాసన కూడా అదే. కొండ దిగేటప్పుడు మోకాళ్ల పర్వతం దాటాక వచ్చే బ్రేకు మాడు వాసన ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

సైలెన్సర్, సస్పెన్షన్, ఇంజిన్ ఏదీ ముట్టుకోలేదు. పిసినారితనం కొంత, చట్టం కొంత. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. సైలెన్సర్ మార్చి, లోపల రోల్ కేజ్ (బోల్తా కొట్టినా నలగకుండా కాపాడే ఇనప చట్రం) బిగించి, 190 కిలోమీటర్లు రెండు రాష్ట్రాల పోలీసుల ముందు నుంచి వెళ్లాలంటే ట్రాక్ మీద కంటే టోల్ గేటు దగ్గరే ఎక్కువ టెన్షన్. పక్క రాష్ట్రం ప్లేటు చూసి ఆపుతారు ఎలాగూ. కాగితాలు చూసి, మామూలు స్విఫ్టే కదా అని వదిలేస్తారు.

ఇన్సూరెన్స్ గురించి చాలామంది అడగరు, అడగాలి. మీ పాలసీ కాగితం తీసి, బండి దేనికి వాడవచ్చో చెప్పే భాగం చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ వర్తించవని ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదు కదా అని వాదించుకోవచ్చు. నేను ఆ వాదన పెట్టుకోలేదు, వంగిన ఆర్మ్‌కీ వీల్‌కీ జేబులోంచే ఇచ్చాను. అప్పటినుంచి నాకు ఒకటే లెక్క: ఈ బండి రేపు ట్రాక్ మీద పూర్తిగా పోతే నా ఇల్లు నడుస్తుందా? నడుస్తుంది. జీటీ కొనుంటే ఈ మాట అనలేను. మీ బండికి ఈ ప్రశ్న వేసుకున్నాక జవాబు రావడానికి టైమ్ పడితే, ఆ బండి ట్రాక్‌కి వద్దు.

ట్రాక్ మీద ఎలా ఉంటుందంటారా? ల్యాపు పొడవు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని ఇప్పుడు కొత్త పేరు. గోడ పక్కనే హ్యుందాయ్ ఫ్యాక్టరీ, వాళ్ల గేటు ముందు నుంచి మారుతిలో పోవడం నాకొక సరదా. స్విఫ్ట్‌లో ఎక్కువ భాగం మూడో గేరులోనే గడిచిపోతుంది. స్టీరింగ్‌లో రోడ్డు పెద్దగా తెలియదు, బండి పక్కకి వాలుతుంది, మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు తొందరపడి యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రం ఊరికే తిరుగుతుంది. కానీ చెప్పి చేస్తుంది. పట్టు తప్పబోయే ముందు టైర్లు మూలుగుతాయి, ముందు భాగం నెమ్మదిగా బయటికి జరుగుతుంది, యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిస్తే మళ్లీ లోపలికొస్తుంది. పవర్ లేదు కాబట్టి మలుపులో పోగొట్టుకున్న వేగం స్ట్రెయిట్‌లో తిరిగి రాదు. అందుకే మలుపు సరిగ్గా తీసుకోవడం నేర్చుకోక తప్పదు. మొదటి రోజుకీ ఇప్పటికీ ల్యాపుకి 11 సెకన్లు తగ్గాయి. బండి అదే, తగ్గింది నా చేతుల్లో. పెద్ద బండ్ల వాళ్లు వెనక నుంచి వస్తే స్ట్రెయిట్‌లో చెయ్యి చూపించి వదిలేస్తాను, అందులో నామోషీ ఏమీ లేదు.

టైర్లు మాత్రం నొప్పే. ట్రాక్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది కాబట్టి భారమంతా ముందు ఎడమ టైరు మీద పడుతుంది, దాని బయటి అంచు అరిగిపోతుంది. మధ్యలో గాడి ఇంకా బాగానే ఉన్నా అంచు నున్నగా అయిపోతుంది. రెండేళ్లకోసారి ముందు రెండు టైర్లు మారుస్తున్నాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెట్టిన గాలి సెషన్ అయ్యేసరికి ఆరేడు పాయింట్లు పెరుగుతుంది. పెరిగినప్పుడు కొంచెం తీసేసి, సాయంత్రం హైవే ఎక్కేముందు మళ్లీ నింపుకోవాలి. ఒకసారి నింపడం మర్చిపోయి సూళ్లూరుపేట దాకా వచ్చాను.

కొన్ని చిన్న విషయాలు ఎవరూ ముందు చెప్పరు. బండిలో ఉన్నదంతా దించేయాలి, సీటు కిందది కూడా. నాలుగో ట్రాక్ డేలో వెనక సీటు కింద ఉండిపోయిన మా పాప వాటర్ బాటిల్ బ్రేకు వేయగానే దొర్లుకుంటూ ముందుకొచ్చి నా మడమకి తగిలింది. పెడల్ కిందికి పోలేదు, పోయుంటే ఈ సమీక్ష వేరేగా ఉండేది. సెషన్ చివర ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగి బ్రేకులు చల్లార్చాలి. పిట్స్‌లో ఆపాక హ్యాండ్ బ్రేక్ లాగకూడదు, గేరులో వదిలి చక్రం కింద రాయి పెట్టాలి. వెనక డ్రమ్ములూ కాగే ఉంటాయి. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి, ట్రాక్ ఎక్కేముందు ఒకసారి, ఇంటికి బయల్దేరేముందు ఒకసారి.

ఈ కారులో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది ఒకటుంది. 2018 అక్టోబర్‌లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ల క్రాష్ టెస్టులో మన దేశపు స్విఫ్ట్‌కి వచ్చింది ఐదుకి రెండు స్టార్లే. తేలిక బరువు బ్రేకులకి మంచిదని నేనే పైన పొగిడాను. గుద్దుకున్నప్పుడు ఆ తేలికే మనకి మంచిదని ఎవరూ చెప్పలేరు. అందుకే గోడలు దగ్గరగా ఉన్నచోట పదో వంతు వేగం తగ్గించే నడుపుతాను. ట్రాక్ మీద తిరిగేటప్పుడు బామ్మర్దిని పక్క సీట్లో ఎక్కించుకోను, ఎంత బతిమాలినా. ఫుల్ ఫేస్ హెల్మెట్ మంచిది కొన్నాను, ఈ మొత్తం వ్యవహారంలో బేరమాడని వస్తువు అదొక్కటే.

ఇప్పుడు కొనేవాళ్లు నాలాంటి స్విఫ్టే కొనాలా అంటే, ఇంట్లో రెండో కారు ఉండి కొంచెం డబ్బున్నవాళ్లు 2020 తర్వాతి పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్ చూడండి. 110 పీఎస్, ఆరు గేర్లు, స్టీరింగ్ ఇంకా బాగుంటుంది. 2022లో ఆ కారు ఆగిపోయింది కాబట్టి కొనేముందు మీ ఊళ్లో స్పేర్ పార్ట్స్ కొట్టుకెళ్లి దాని లోయర్ ఆర్మ్ ఎంత, ఎన్నిరోజులు పడుతుంది అని అడగండి. ఏ కారు కొన్నా ముందు ఆ కొట్టుకే వెళ్లండి, షోరూముకి తర్వాత.

నా బండికి క్లచ్ ప్లేటు ఇంకా మొదటిదే. మొన్న తిరుమల ఎక్కేటప్పుడు మూడో గేరులో ఇంజిన్ గొంతు పెరిగింది కానీ బండి వేగం పెరగలేదు. సంక్రాంతి అయ్యాక ట్రాక్ డే ఉంటుంది, ఈలోగా మార్పించాలి. మా మెకానిక్‌ని అడిగితే పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాడు.