హాస్కెల్‌లో లిస్ట్ సార్టింగ్: క్విక్ సార్టా, మెర్జ్ సార్టా?

బెంగళూరు మారతహళ్ళి, బీటీఎం పీజీల్లో ఉంటూ ఇంటర్వ్యూలకు ప్రిపేరయ్యే మన పిల్లలు హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెడితే ముందు ముచ్చటపడేది లిస్టును వరసలో పెట్టే క్విక్ సార్ట్‌ను చూసే. నాలుగు లైన్లు కూడా ఉండదు. మొదటి ఎలిమెంటే పివట్ (మిగతావాటిని పోల్చేది దీనితోనే), అంతకన్నా చిన్నవి ఎడమకు, మిగతావి కుడికి, రెండు వైపులా మళ్ళీ అదే పని. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) నేర్చుకోవడానికి అది చాలా మంచి ఉదాహరణ.

నిజమైన ప్రోగ్రాములో మాత్రం నా ఓటు మెర్జ్ సార్ట్‌కే, అంటే వరసలో ఉన్న చిన్న లిస్టులను కలుపుకుంటూ పోయే పద్ధతికే. టోనీ హోర్ 1961లో ప్రచురించిన క్విక్ సార్ట్ బలమంతా అర్రేలో (మెమరీలో పక్కపక్కనే ఉండే ఎలిమెంట్ల వరసలో) ఉంది. ఎలిమెంట్లను ఉన్నచోటే అటూ ఇటూ మారుస్తుంది కాబట్టి మెమరీ పెద్దగా అడగదు. హాస్కెల్‌లో లిస్టును మార్చలేం, ప్రతి మెట్టులోనూ కొత్త లిస్టులు కట్టాలి. పైగా చిన్నవాటిని ఒకసారి, మిగతావాటిని ఒకసారి ఏరడానికి ఫిల్టర్ రెండుసార్లు నడవాలి.

అసలు దెబ్బ ముందే వరసలో ఉన్న డేటాతో. లక్ష ఎలిమెంట్లు అలా వస్తే చిన్నవాటి లిస్ట్ ప్రతిసారీ ఖాళీయే. రెండు ఫిల్టర్లూ కలిపి దాదాపు 1000 కోట్ల పోలికలు! టైమ్ ప్రకారం వచ్చే లాగ్‌లు, ఆర్డర్లు సాధారణంగా ఇలాగే ఉంటాయి కాబట్టి ఇది అరుదైన కేసు అనుకోవద్దు.

హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ లైబ్రరీలోని సార్ట్ మెర్జ్ పద్ధతిదే. పెరుగుతూనో తగ్గుతూనో ఉన్న ముక్కలను ముందు గుర్తుపట్టి, వాటినే కలుపుకుంటూ పోతుంది. పై లక్షకు దానికి పట్టేది 99,999 పోలికలు. చిందరవందరగా ఉన్న లక్షకైనా 17 లక్షల దరిదాపుల్లోనే తేలిపోతుంది. రెండు లిస్టుల తలలు (మొదటి ఎలిమెంట్లు) చూసి చిన్నది తీసుకోవడమే మెర్జ్ చేసే పని, లిస్టులో తేలిగ్గా అందేదీ తలే. ఓకామల్, ఎర్లాంగ్ భాషల లైబ్రరీలు కూడా లిస్టులకు మెర్జ్ సార్ట్‌నే వాడతాయి.

క్విక్ సార్ట్ స్టేబుల్ కాదని, అంటే సమానమైనవాటి అసలు వరసను నిలబెట్టదని చాలామంది కొట్టిపారేస్తారు. అర్రే వెర్షన్‌కు అది నిజమే. పివట్‌తో సమానమైనవి కుడికి వెళ్ళే ఈ చిన్న వెర్షన్ మాత్రం స్టేబులే. దాన్ని వద్దనడానికి కారణం ఇది కాదు, స్పీడే.

ఇక లైబ్రరీలో ఎలా పోల్చాలో మనం చెప్పే సార్ట్‌బై, కీని (దేన్నిబట్టి వరస పెట్టాలో ఆ విలువను) ఎలా లెక్కించాలో మనం చెప్పే సార్ట్‌ఆన్‌లలో ఏది? కీ లెక్కకట్టడం బరువైతే సార్ట్‌ఆన్, ఎందుకంటే ఒక్కో ఎలిమెంటుకు ఒక్కసారే లెక్కిస్తుంది. రికార్డులోంచి ఒక ఫీల్డ్ తీయడమే అయితే సార్ట్‌బై చాలు.