ఏఎం టాక్ రేడియో: కాలర్ల కోసం విన్నాను, ఒకసారి కాలర్‌నయ్యాను

అమెరికా కన్జర్వేటివ్ టాక్ రేడియో అనగానే చాలామంది పార్టీల గొడవ ఎత్తుతారు. నేను దాని జోలికి పోను. డాలస్‌లో ఏళ్ల తరబడి ఏఎం 820 వింటున్నాను. అప్పట్లో మధ్యాహ్నం లంచ్‌కి కారులో కూర్చుని రష్ లింబా, సాయంత్రం ట్రాఫిక్‌లో మార్క్ లెవిన్, ఇద్దరూ పేరున్న హోస్టులు. నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం వాళ్లు కాదు, ఫోన్ చేసే జనం.

డాలస్ శివార్లలోని మన ఇర్వింగ్, ఫ్రిస్కో తెలుగువాళ్లకి తెలిసిన అమెరికా అంటే టీమ్ మీటింగులు, పిల్లల స్కూలు, కాస్ట్‌కో. రేడియోలో అలా కాదు. లారీ తోలుతూనే ఒకాయన మాట్లాడతాడు, డీజిల్ పెరిగితే ఇంట్లో ఏ ఖర్చు తగ్గించాడో లెక్కతో సహా చెప్తాడు. నెబ్రాస్కా నుంచి మొక్కజొన్న రైతు వస్తాడు. యాస అర్థం కావడానికే నాకు కొన్ని నెలలు పట్టింది. లింబా శుక్రవారాలు ‘ఓపెన్ లైన్ ఫ్రైడే’ అని కాలర్ ఇష్టానికే వదిలేసేవాడు. ఆ రోజు నేను లంచ్ బాక్సుతో కారెక్కితే మళ్లీ ఆఫీసులోకి రావడం లేటే.

చరిత్ర కూడా బాగా చెప్పేవాడు. ఏటా థాంక్స్‌గివింగ్ పండగ ముందు, ఇంగ్లాండ్ నుంచి వచ్చి ప్లిమత్‌లో స్థిరపడ్డ తొలి వలసదారుల కథ ఉండేది. ఉమ్మడి సాగు అచ్చిరాక, 1623లో గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ కుటుంబానికింత నేల అని పంచాకే గాదెలు నిండాయని. ఆ గొంతులో వింటుంటే నమ్మాలనిపించేది. కాకపోతే ఆ పండగకి మూలమని చెప్పే పేరుమోసిన విందు జరిగింది 1621లో, నేల పంచకముందే. ఎవరైనా ఫోన్ చేసి ఈ మాట అడుగుతారేమోనని ఏటా చెవులు రిక్కించేవాణ్ణి. నేను విన్నంతలో ఎవరూ అడగలేదు.

ఎందుకు అడగరో నాకు ఒక సాయంత్రం తెలిసింది. లింబా 2021 ఫిబ్రవరిలో పోయాడు. ఆ తర్వాత సంగతి ఇది, హోస్ట్ పేరు చెప్పను. ఇమిగ్రేషన్ మీద మాట్లాడుతూ ‘రావాలంటే లైన్లో నిలబడి రండి’ అన్నాడు. గ్రీన్ కార్డు కోసం నేను ఆ లైన్లో ఉన్నవాణ్ణే కదా! గ్యాస్ స్టేషన్ పక్కన కారాపి ఫోన్ కొట్టాను. ముందుగా ఫోన్ ఎత్తి కాలర్లని వడకట్టే స్క్రీనర్ అమ్మాయి, ఏం చెప్పదలచుకున్నారో ఒక్క ముక్కలో చెప్పండి, కారులో రేడియో ఆపేయండి అంది. ప్రసారం కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది, అది వింటూ మాట్లాడితే తడబడిపోతాం. చాలాసేపు హోల్డ్. చివరికి హోస్ట్ నా పేరు పిలిచాడు.

‘సార్, నేను లైన్లోనే ఉన్నాను’ అన్నాను. ‘నీలాంటివాళ్లే మాకు కావాలి’ అన్నాడు, నిజంగా ఆప్యాయంగానే. ఉద్యోగాల కోటాలో ఏడాదికి 1,40,000 గ్రీన్ కార్డులు, ఏ దేశానికైనా 7 శాతం... అనేలోపు వెనకనుంచి మ్యూజిక్ లేచింది. నెట్‌వర్క్ బ్రేక్ సెకను తప్పదు, ఎవరి మాట ఎక్కడున్నా తెగాల్సిందే. దానికి నేనేమీ అనుకోలేదు. బంగారు నాణేల ప్రకటన అయ్యాక ఆయన తిరిగొచ్చి, ‘ఇందాక ఇండియా పెద్దమనిషి చెప్పాడుగా, సరిహద్దు గురించి నేననేదీ అదే’ అన్నాడు. సరిహద్దు మాట నేనెత్తనే లేదు. అప్పటికి నా ఫోన్ కట్టయి ఉంది.

రేడియో, టీవీలు ఎదుటివాడి వాదనకీ చోటివ్వాలన్న ప్రభుత్వ నిబంధన 1949లో వచ్చి 1987లో పోయింది, మరుసటేడు ఆగస్టులోనే లింబా దేశమంతా మోగాడు. అందులో తప్పేం లేదు, రేడియో వాళ్లది, గొంతు వాళ్లది. కాలర్లే దీని ప్రాణం అన్నానే, అది వాళ్లు సొంత బతుకు చెప్పుకున్నప్పుడు. వాదనకి దిగితే మీట హోస్ట్ చేతిలో ఉంటుంది.

ఇప్పటికీ వింటాను, వారానికి ఏ రెండు సాయంత్రాలో. అమ్మాయి వెనక సీట్లో ఉంటే పెట్టను. ఇమిగ్రేషన్ మొదలైతే పాటలకి మారుస్తాను, నా గ్రీన్ కార్డు ఇంకా రాలేదు మరి. మీది వచ్చేసి, రోజూ గంట డ్రైవ్ ఉంటే, మీకు నాకంటే బాగా నచ్చొచ్చు.