బర్క్‌లీలో జెన్నర్ ఇల్లు: టీకా పుట్టిన తోటలో ఒక పూట

ఇంగ్లండులోని గ్లోస్టర్‌షైర్ ప్రాంతానికి వెళ్లేవారు, బర్క్‌లీలో మ్యూజియంగా మారిన, మశూచి టీకాకు ఆద్యుడైన ఎడ్వర్డ్ జెన్నర్ ఇంటిని తప్పక చూడాలి. 1796 మే 14న, పాలు పితికే సారా నెల్మ్స్ చేతిమీద, ఆవుల నుంచి సోకే తేలికపాటి గోమశూచి వల్ల లేచిన పొక్కులోని రసాన్ని, మశూచి రాకుండా ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్‌కు ఎక్కించిన ఆ వైద్యుడు, తరువాత పేదలకు ఉచితంగా టీకాలు వేసిన చిన్న కుటీరం తోటలో నేటికీ నిలిచి ఉండటమే ఇక్కడి అసలు ఆకర్షణ. టీకా వేయించుకున్నవారి ఒంటినుంచి ఆవులు పుట్టుకొస్తున్నట్టు జేమ్స్ గిల్రే 1802లో గీసిన వ్యంగ్యచిత్రాన్ని తలచుకుంటూ ఆ గుమ్మం ముందు నిలబడితే, కోవిడ్ టీకా వేసిన జబ్బకు చెంచా అతుక్కుంటోందంటూ మన ఫోన్లలో తిరిగిన వీడియోలు గుర్తుకు రాక మానవు. అయితే వ్యతిరేకతనంతా మూఢత్వమనలేము. 1885లో ఇంగ్లండులోని లెస్టర్ నగర వీధుల్లోకి వేలాదిమందిని నిరసనకు రప్పించినది, శిశువులకు టీకాను తప్పనిసరి చేసిన 1853 చట్టంతో మొదలైన జరిమానాల మీది ఆగ్రహం కూడా. తోటకు తీరికగా ఒక గంట కేటాయించుకోండి.