కోడింగ్ రాని నూనె షాపుకి గూగుల్ సైట్స్ సరిపోతుందా?

అనంతపురంలో మాది చిన్న చెక్క గానుగ. శెనక్కాయ, నువ్వులు, కుసుమ, కొబ్బరి నూనెలు తీసి అమ్ముతాం. ఊళ్ళోవాళ్ళు షాపుకే వచ్చి, గానుగ తిరుగుతుంటే చూసి పట్టుకెళ్తారు. బెంగళూరు, హైదరాబాదు వాళ్ళకి ఆ వీలు లేదు కదా, ఫోను చేసిన ప్రతివాళ్ళూ "వెబ్‌సైటు ఉందా అక్కా?" అనే అడుగుతారు. గానుగ నూనె అని పేరు పెట్టి ఏదేదో అమ్ముతున్న రోజులు, వాళ్ళ అనుమానం వాళ్ళది. వెబ్‌సైట్లు చేసే ఒకాయన్ని కనుక్కుంటే, ఆయన చెప్పిన రేటు విని మా ఆయన టీ కూడా తాగకుండా లేచారు. చివరికి వెబ్‌సైటు చేసుకోవడానికి గూగుల్ ఇచ్చే గూగుల్ సైట్స్‌లో నేనే చేసుకున్నాను. నాకు వచ్చిందల్లా ఎక్సెల్‌లో లెక్కలు రాసుకోవడం, ఫోనులో ఫొటోలు తీయడం. ఈ పనికి అంతకుమించి అక్కర్లేదు.

జీమెయిల్ ఉంటే చాలు, పైసా కట్టక్కర్లేదు. కంప్యూటర్లో తెరిస్తే కుడిపక్కన మూడు భాగాలుంటాయి: ఇన్సర్ట్, పేజెస్, థీమ్స్. ఫొటో, రాత, బటన్, మ్యాపు, యూట్యూబ్ వీడియో, ఏది కావాలన్నా ఇన్సర్ట్‌లో నొక్కితే పేజీలోకి వచ్చి పడుతుంది. మౌసుతో లాగి కావాల్సిన చోట పెట్టుకోవడమే. కంప్యూటర్లో పక్కపక్కన పెట్టిన మూడు సీసాల ఫొటోలు ఫోనులో వాటంతటవే ఒకదాని కింద ఒకటి సర్దుకుంటాయి. పబ్లిష్ చేసేముందే ఫోనులో ఎలా ఉంటుందో ప్రివ్యూలో చూసుకోవచ్చు. మా కస్టమర్లంతా ఫోనువాళ్ళే కాబట్టి నేను మొదట చూసేది అదే.

దీనికి ముందు విక్స్, కాన్వా, వర్డ్‌ప్రెస్ కూడా తెరిచి చూశాను. అందం మాటకొస్తే విక్స్‌దే పైచేయి, టెంప్లేట్లు (ముందే తయారుచేసి పెట్టిన నమూనాలు) వందల్లో ఉన్నాయి. చీరల షాపులో కూర్చున్నట్టే, ఒకటి నచ్చేలోపు ఇంకోటి విప్పి చూపిస్తారు. పైగా ఒక టెంప్లేటుతో సైటు కట్టాక వేరే దానికి మారాలంటే మళ్ళీ మొదటినుంచి చేసుకోవాలి. ఉచిత ప్లానులో అయితే విక్స్ ప్రకటన కూడా ఉంటుంది. కాన్వా ఒక్క పేజీకి భలే ఉంటుంది, ఆహ్వాన పత్రికలు చేసి అలవాటున్నవాళ్ళకి ఇట్టే వచ్చేస్తుంది. వర్డ్‌ప్రెస్‌తో ఏమైనా చేయొచ్చంటారు, నిజమే. కానీ హోస్టింగ్ (సైటు ఉంచడానికి అద్దె చోటు), ప్లగిన్లు (అదనంగా తగిలించుకునే సాఫ్ట్‌వేర్లు), మళ్ళీ వాటి అప్‌డేట్లు... గానుగ దగ్గర నిలబడే మనిషికి అవి ఎక్కడ కుదురుతాయి? గూగుల్ సైట్స్‌లో థీములు కొన్నే, మార్చగలిగేవీ కొన్నే. రంగు, ఫాంటు, పైన బ్యానర్, అంతే. నాకు మేలు చేసింది ఆ కొరతే. పాడు చేద్దామన్నా పెద్దగా పాడవదు.

మరి అందం ఎక్కణ్ణించి వస్తుందంటే, ఫొటోల నుంచే. పైన బ్యానర్ వెడల్పుగా ఉంటుంది, అందుకని ఫోను అడ్డంగా పట్టుకుని తీసిన ఫొటోనే కావాలి. నిలువుది పెడితే పైనా కిందా తెగిపోతుంది. అదే బ్యానర్ ఫోనులో చూసేటప్పుడు పక్కలు తెగుతాయి, కాబట్టి చూపించాల్సింది మధ్యలో ఉండాలి. నేను పెట్టింది గానుగ నుంచి నూనె ధారగా కారుతున్న ఫొటో. ట్యూబులైటు కింద తీస్తే నూనె మురికిగా కనిపించింది. పొద్దున్నే షట్టరు సగం ఎత్తి, ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు తీస్తే అసలు రంగు వచ్చింది. అప్పుడే తీసిన నూనె మడ్డితో మసకగా ఉంటుంది, తేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకని సీసా ఫొటో తేరిన నూనెతో తీశాను, ధార ఫొటో మాత్రం ఉన్నదున్నట్టు వదిలేశాను. రెండూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకో కింద ఒక్క వాక్యం రాశాను. నెట్‌లో దొరికే తళతళలాడే నూనె ఫొటోలు పెట్టు పెద్దమ్మా అని మా చెల్లెలి కొడుకు సలహా. అవి పెడితే మన సీసాకీ రిఫైన్డ్ ప్యాకెట్టుకీ తేడా ఏం కనిపిస్తుంది?

బాగా పనికొచ్చిన ఇంకోటి, నొక్కితే తెరుచుకునే పేరాలు. ఇన్సర్ట్‌లో కొలాప్సిబుల్ గ్రూప్ అని ఉంటుంది. రోజూ ఫోనులో చెప్పే జవాబులన్నీ అందులో పెట్టేశాను. వేయించేటప్పుడు నురగ ఎందుకొస్తుంది? రిఫైన్ చేయని నూనె కాబట్టి. ఇంత రేటెందుకు? కిలో శెనక్కాయ నూనెకి దగ్గర దగ్గర రెండున్నర కిలోల విత్తనాలు పడతాయి కాబట్టి. ఏ రకం కాయ? మన పక్క ఎక్కువగా వేసే కదిరి-6. పేజీ పొడుగు పెరగలేదు, ఫోన్లు మాత్రం తగ్గాయి.

తెలుగు దగ్గర కాస్త నిరాశే. నేను వాడిన థీములో ఫాంటు మారిస్తే ఇంగ్లీషు అక్షరాలే మారాయి. తెలుగు మాత్రం చూసేవాళ్ళ ఫోనులో ఉన్న మామూలు ఫాంటులోనే వస్తోంది. చదవడానికి ఇబ్బంది లేదు, సొగసే తక్కువ. షాపు పేరు ఒక్కటీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర ఫాంటుతో రాసి, బొమ్మగా చేసి లోగో స్థానంలో పెట్టాను. రేట్లు, అడ్రసు మాత్రం ఇలా బొమ్మలుగా పెట్టొద్దు. గూగుల్లో వెతికేవాళ్ళకి సరిగా దొరకవు, రేటు మారినప్పుడల్లా కొత్త బొమ్మ చేసుకుంటూ కూర్చోవాలి.

ఆన్‌లైన్లో కొనుక్కునే కార్ట్ ఇందులో లేదు. మేం వాట్సాప్ బటన్ పెట్టాం. బటన్‌కి ఇవ్వాల్సిన లింకు ఇది: డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్, 91, దాని పక్కనే పది అంకెల నంబరు. ప్లస్సు గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. నొక్కితే నేరుగా మా చాట్ తెరుచుకుంటుంది, డబ్బు యూపీఐలో వేస్తారు. మా స్థాయికి ఇది చాలు. రోజుకి వందల ఆర్డర్లొచ్చే వాళ్ళయితే షాపిఫై లాంటివి చూసుకోవాలి. ప్రతి పేజీ అడుగునా కనిపించే ఫుటర్లో 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు వేశాం, బెంగళూరు వాళ్ళు ముందు దాన్నే చూస్తున్నారు.

ఉచితంగా వచ్చే అడ్రసు సైట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ అని మొదలై పొడుగ్గా ఉంటుంది, సంచి మీద అచ్చు వేయించడానికి పనికిరాదు. డాట్ ఇన్ పేరు ఒకటి కొని కలిపాం. ఆ పేరు (డొమైన్) అమ్మినవాళ్ళ సెట్టింగుల్లో, పేరుని మన సైటు వైపు తిప్పే సీనేమ్ అనే ఒక వరస చేర్చాలి. మొత్తం పనిలో టెన్షన్ పడింది అక్కడే. కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫరు చూసి మురిసిపోవద్దు, రెన్యువల్ రేటు చూడండి. పేరు కొనడం దండగ అనుకునేవాళ్ళకి ఒక సంగతి: మ్యాప్స్‌లో షాపు పెట్టుకున్నవాళ్ళకి గూగులే ఇచ్చిన చిన్న ఉచిత వెబ్‌సైట్లని 2024 మార్చిలో అదే ఆపేసింది. పేరు మనదైతే ఇంకోచోట సైటు కట్టుకుని దానికి తిప్పుకోవచ్చు.

సైట్స్‌కి ఫోను యాప్ లేదు, రేటు మార్చాలన్నా కంప్యూటరు ముందు కూర్చోవాల్సిందే. ఆ పని ఇప్పుడు మా ఆయన చూసుకుంటున్నారు, సైటుని ఆయన మెయిల్‌కి కూడా షేర్ చేశాను. మార్పులు వాటంతటవే సేవ్ అవుతాయి గానీ, పబ్లిష్ నొక్కేదాకా కస్టమరుకి పాత రేటే కనిపిస్తుంది. శెనక్కాయ ధర పెరిగిన రోజు ఆ బటన్ మర్చిపోతే పాత రేటుకే పంపాలి.