గండికోటలో ఒక రాత్రి: లోయకు పూర్తి మార్కులు, గుడారానికి సగమే

ప్రొద్దుటూరులో ఉండే మాకు గండికోట అంటే ఊరికి వచ్చిన చుట్టాలను తీసుకువెళ్ళి చూపించే చోటు. మధ్యాహ్నం భోంచేసి బయలుదేరి, జమ్మలమడుగు మీదుగా కోట చేరి, లోయ అంచున నాలుగు ఫోటోలు తీసుకుని, చీకటి పడేలోగా ఇంటికి వచ్చేయడం మా ఆనవాయితీ. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతిలో వెళ్ళివస్తున్న నేను, గత డిసెంబరులో బెంగళూరు నుంచి వచ్చిన మా తమ్ముడి పిల్లలు పట్టుబట్టడంతో, మొదటిసారి డబ్బు కట్టి అక్కడే గుడారంలో ఒక రాత్రి ఉన్నాను. ఇన్నేళ్ళూ ఆ కోటను చూడకూడని వేళలో చూస్తూ వచ్చానని అప్పుడు అర్థమైంది.

గుడారం సంగతి ముందే చెప్పేస్తాను. "లోయ పక్కనే" అని ఫోనులో చెప్పిన నిర్వాహకులు తీరా వెళ్ళాక చూపించింది కోటకు రెండు కిలోమీటర్ల ఇవతల, దున్ని వదిలేసిన చేను. మనిషికి 1,200 రూపాయలు తీసుకున్నారు. ముప్పై మందికి రెండే మరుగుదొడ్లు, అందులో ఒకదానికి గడియ లేదు. నక్షత్రాలు చూడవచ్చని ప్రకటించినవారు రాత్రి పన్నెండు దాకా పెద్ద లైట్లు వెలిగించి, స్పీకర్లలో పాటలు మోగించడం ఏ లెక్కనో తెలియదు. దుప్పట్లు మాత్రం శుభ్రంగా, వెచ్చగా ఉన్నాయి కాబట్టి సగం మార్కులు వేస్తున్నాను. మళ్ళీ వెళితే పర్యాటక శాఖ వారి హరిత హోటల్లో గది ఖాళీ ఉందేమో ముందుగా కనుక్కుంటాను.

తెల్లవారుజామున ఐదున్నరకు కోటలోకి నడిచాము. గండికోట పాడుబడిన కోటే అయినా మనుషులు లేని కోట కాదు. గోడల లోపలే ఊరు ఉంది, ఆ వేళకు వాకిళ్ళు ఊడ్చి కళ్ళాపి చల్లుతున్నారు. జామియా మసీదు, రంగనాథస్వామి గుడి దాటాక దారి అనేది ఉండదు, బండలు ఎక్కుతూ దిగుతూ వెళ్ళవలసిందే. అంచు చేరేసరికి ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్న పారే ఆ గండి ఇంకా నీలి నీడలోనే ఉంది. ఆ తరువాత ఎదుటి గట్టు పైకొన మొదట ఎర్రబడి, ఎండ మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంటే, ఒక్కొక్క రాతి పొర విడివిడిగా బయటపడింది. మధ్యాహ్నపు ఎండలో ఇదంతా ఒకే వెలిసిన రంగులో కనబడుతుంది, అందుకే మా చుట్టాలలో కొందరు "ఇంతేనా" అని వెనక్కి తిరిగేవారు.

అక్కడి రాయిని దగ్గరగా చూడండి. అడ్డంగానూ నిలువుగానూ గీత గీసినట్టు చీలి, సున్నం వేయకుండా తాపీపనివాడు పేర్చిన గోడలా ఉంటుంది. భూవిజ్ఞానులు ఈ శిలకు ఈ ఊరి పేరే పెట్టి గండికోట క్వార్ట్‌జైట్ అంటారు. దీని వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. మేము నిలుచున్న వైపు కంచె లేదు, బండల మీద సన్నటి ఇసుక ఉండి చెప్పులు జారుతున్నాయి. పిల్లలను చేయి పట్టుకునే నడిపించాలి, సెల్ఫీ కోసం వెనక్కి వెనక్కి జరిగేవారిని పిల్లలకన్నా గట్టిగా పట్టుకోవాలి. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది కనుక, అందులో తొలి ఖర్చు ఈ అంచున రక్షణ ఏర్పాట్లకే కావాలని నా కోరిక.

ఎండ ముదిరాక ధాన్యాగారంలోకి వెళ్ళాము. మసీదు పక్కనే ఉన్న ఈ కట్టడాన్ని చాలామంది బయటి నుంచే చూసి వెళ్ళిపోతారు. లోపల కమానుల కింద చల్లగా ఉంటుంది, పైనున్న కన్నాల నుంచి పడే వెలుగు నేల మీద రూపాయి బిళ్ళల్లా కనబడుతుంది, ఒకరు దగ్గితే ఆ చప్పుడు ఆ మూల దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉన్న ఈ కోటను పదిహేడవ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఆయనను కలవడానికి ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఇక్కడికి వచ్చాడు. లోయ ఒకవైపు కాపలా కాస్తుండగా తిండిగింజలు ఇలా నిల్వ ఉంటే, కోటలోపలివారు శత్రువును ఎన్ని నెలలైనా కాచుకుని ఉండగలరని ఆ గోడల మందం చూస్తేనే తెలుస్తుంది. మాధవరాయస్వామి గుడి గోపురం, కత్తుల కోనేరు, పావురాల గోపురం కూడా చూడదగ్గవే, కానీ సమయం తక్కువైతే ధాన్యాగారాన్ని మాత్రం వదలకండి.

గండిలో కయాకింగ్ కూడా చేశాము. లోయ అడుగున నిలిచి ఉండేది మైలవరం జలాశయం వెనుక నీరు; కింది నుంచి తల ఎత్తి చూస్తే, పొద్దున మనం నిలుచున్న అంచు మీది మనుషులు చీమల్లా ఉంటారు. మా అమ్మాయికి ఇచ్చిన లైఫ్ జాకెట్టుకు క్లిప్పు విరిగి ఉంది, అడిగాక మార్చారు. అడగనివారి సంగతి ఏమిటో తెలియదు కాబట్టి, పడవ ఎక్కేముందు క్లిప్పులన్నీ లాగి చూసుకోవాలి.

మరుసటి మధ్యాహ్నం బెలుం గుహలకు వెళ్ళాము. అది ఒకప్పటి కర్నూలు జిల్లాలోది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోది. 3,229 మీటర్ల గుహలో సందర్శకులకు తెరిచినది ఒకటిన్నర కిలోమీటర్లే అయినా, లోపలి ఉక్కకు చొక్కా తడిసిపోతుంది. గండికోటలో అలసిన కాళ్ళతో అక్కడికి వెళ్ళకండి, దానికి వేరే రోజు కేటాయించండి.

తిండి విషయంలో గుడారం వారి నూడుల్స్ కన్నా ఊళ్ళో ఒక ఇంట్లో పెట్టిన రాగి సంగటి, నాటుకోడి పులుసు, శెనిక్కాయల ఊరిబిండి వంద రెట్లు మేలు. ముందు రోజు సాయంత్రమే చెప్పి ఉంచాలి, అప్పటికప్పుడు అడిగితే దొరకదు. సొంత బండి లేనివారు జమ్మలమడుగులో ఆటో మాట్లాడుకునేటప్పుడే తిరుగు ప్రయాణానికి కూడా బేరం కుదుర్చుకోవాలి. చీకటి పడ్డాక కోట ముందు ఆటో కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలను మేమే రెండింటిని చూశాము.