ఆపరేషన్ వికటిస్తే ఎక్కడికెళ్లాలి: పోలీస్ స్టేషనా, మెడికల్ కౌన్సిలా, వినియోగదారుల కమిషనా?

మా బావగారు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ కోసం చిత్తూరు నుంచి బెంగళూరు వచ్చారు. ఇంటికెళ్లిన మూడు వారాలకు కూడా జ్వరం, కడుపునొప్పి తగ్గలేదు. బెంగళూరులోనే ఇంకో ఆస్పత్రిలో స్కాన్ తీయిస్తే లోపల గుడ్డ ఉండిపోయిందని తేలింది. ఆ రాత్రి మారతహళ్లిలో మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కి పోదాం."

నా కోపమూ తక్కువేం కాదు. కానీ డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, దారుణమైన నిర్లక్ష్యం కనబడాలి. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ముందుగా పోలీసులు సంబంధం లేని మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. ఇంత జరిగి శిక్ష పడినా, రెండో ఆపరేషన్‌కి చేసిన అప్పు అలాగే ఉండిపోవచ్చు.

కర్ణాటక మెడికల్ కౌన్సిల్ డాక్టర్ రిజిస్ట్రేషన్‌ని కొంతకాలం ఆపగలదు, రిజిస్టర్‌లోంచి పేరే తీసేయగలదు. పరిహారం మాత్రం ఇప్పించలేదు. ఇంకొకరికి ఇలా జరగకూడదనుకుంటే అక్కడా ఫిర్యాదు చేయండి, అదీ వినియోగదారుల కమిషన్ కేసూ ఒకేసారి నడపొచ్చు.

బతికి బయటపడి ఖర్చులతో నలిగిపోతున్న రోగికి నా ఓటు వినియోగదారుల కమిషన్‌కే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా సరే. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే సర్కారు ఆస్పత్రి అయితే ఈ దారి లేదు. చాలామందికి తెలియని మేలు ఇంకొకటుంది: వైద్యం బెంగళూరులో జరిగినా, 2019లో వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కట్టిన బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. లాయర్ తప్పనిసరి కాదు గానీ, ఆస్పత్రి తరఫున మాత్రం లాయరే వస్తాడు, కాబట్టి పెట్టుకోవడమే మంచిది. ఏళ్లు పట్టొచ్చు, ఓపిక కావాలి. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు అంది. కడుపులో గుడ్డ లాంటి కేసుల్లో ఇది పెద్ద ఊరట.

అయితే ఆపరేషన్ తర్వాత వచ్చే ప్రతి ఇబ్బందీ నిర్లక్ష్యం కాదు. ఎంత జాగ్రత్తగా చేసినా ఇన్‌ఫెక్షన్ రావొచ్చు. అందుకే ఏ దారి ఎంచుకున్నా ముందు కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, సంతకం పెట్టిన అంగీకార పత్రం అడగండి. కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నిబంధన. వాటిని తెలిసిన మరో డాక్టర్‌కి చూపించాకే అడుగు వేయండి.

వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి గడువు రెండేళ్లు. బావగారు కోలుకుని మెట్లెక్కగలిగాక చిత్తూరులో కేసు వేశాం. అప్పటికే అందులో ఐదు నెలలు అయిపోయాయి.