లాక్‌హార్ట్‌లో రెండు రాత్రులు, ఒక బ్రిస్కెట్

డాలస్ నుంచి, అదే టెక్సస్ రాష్ట్రంలోని లాక్‌హార్ట్‌కు కారులో నాలుగు గంటలు పట్టింది. చాలామంది ఆస్టిన్‌లో బస చేసి, మధ్యాహ్నం ఇక్కడికి వచ్చి తిని వెళ్లిపోతారు. నేనూ తమ్ముడూ రెండు రాత్రులు ఊళ్లోనే ఉన్నాం. తినడంతో పాటు, మొదటిసారి మా చేతులతో బ్రిస్కెట్‌ను, అంటే పశువు రొమ్ము భాగపు మాంసాన్ని, పొగలో వండాలన్నది మా కోరిక.

టెక్సస్ శాసనసభ 1999లో ఈ చిన్న ఊరిని టెక్సస్ బార్బెక్యూ (కట్టెల పొగలో వండే మాంసం) రాజధానిగా గుర్తించింది. ముందుగా స్మిటీస్ మార్కెట్ అనే బార్బెక్యూ హోటల్‌కు వెళ్లాం. లోపలికి నడిచే దారిలోనే నేలమీద కట్టెలు మండుతుంటాయి. గోడలు మసిబారి నల్లగా ఉన్నాయి. 1900లో మొదలైన క్రాయిట్జ్ మార్కెట్ అనే మరో హోటల్ గతంలో ఈ భవనంలోనే ఉండేది. 1999లో అది కొత్త చోటుకు మారినప్పుడు, పాత పొయ్యిలోని నిప్పులను తొట్టిలో వేసి వీధిలో లాక్కుంటూ తీసుకెళ్లారు. ఆ సంగతి తెలిశాక క్రాయిట్జ్‌లో తిన్న ప్రతి ముక్కనూ మరింత గౌరవంగా తిన్నాను. ఎన్నో ఏళ్లు అక్కడ సాస్ కూడా ఇచ్చేవారు కాదు. మాంసం తూచి, దళసరి కాగితంలో పెట్టి ఇస్తారు. 1932 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న బ్లాక్స్‌లో కొవ్వున్న ముక్క అడిగి తీసుకోండి. మూడింటిలో బ్రిస్కెట్ కోసమైతే నా ఓటు బ్లాక్స్‌కే. కానీ ఒక్కచోటికే వెళ్లే వీలుంటే, ఆ మంట చూడటానికి స్మిటీస్‌కు వెళ్లండి.

మేము దిగిన ఇంటి విషయం. పెరట్లో పెద్ద పొగపొయ్యి ఉంటుందనే ఆ ఇల్లు తీసుకున్నాం. పడకలు, వంటగది శుభ్రంగా ఉన్నాయి, ఇరుగుపొరుగు ప్రశాంతం. అయితే ఇచ్చిన కట్టెలు పచ్చివి. వెలిగించగానే దట్టమైన తెల్లపొగ వచ్చింది. అలాంటి పొగ పట్టిన మాంసం చేదెక్కుతుంది. యజమానికి ఫోను చేస్తే జవాబు లేదు. ఊళ్లో తిరిగి, బాగా ఎండిన పోస్ట్ ఓక్ (ఒక రకం ఓక్ చెట్టు) కట్టెలు కొనుక్కొచ్చాం. పొయ్యి మూతకున్న థర్మామీటరునూ నమ్మకండి. మాంసం పక్కన మేము పెట్టినదానికీ దానికీ 40 డిగ్రీల తేడా ఉంది.

పన్నెండు పౌండ్ల బ్రిస్కెట్‌కు ఉప్పు, దంచిన మిరియాలు తప్ప ఏమీ పూయలేదు. రాత్రి తొమ్మిదింటికి 250 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పెట్టాం. తెల్లవారుజామున మూడింటికి మాంసం లోపలి వేడి 160 దగ్గర ఆగిపోయింది. గంట గడిచినా కదల్లేదు. మాంసంలోని తేమ ఆవిరవుతూ, చెమట ఒంటిని చల్లబరిచినట్టు దాన్ని చల్లబరుస్తుంది. మంట పెంచాలని తమ్ముడి తొందర. “అన్నా, ఇంకో కట్టె వేద్దామా?” అని నాలుగుసార్లు అడిగాడు. వద్దన్నాను. ఆ చలిలో, పొగ వాసనలో, నాయనమ్మ పొయ్యిపై తాడుకు వేలాడదీసిన మాంసం వరుగులు గుర్తొచ్చాయి. మా ఇంట్లో పెద్దకూర వండిన రోజు తలుపులు మూసుకునేవాళ్లం. ఇక్కడ అదే మాంసం కోసం జనం పట్టపగలు వరుసలో నిలబడుతున్నారు. తెల్లవారేదాకా మేమిద్దరం ఆ మాటలే మాట్లాడుకున్నాం.

ఆరింటికి కాగితంలో చుట్టాం. పదకొండింటికి 203 డిగ్రీలు చేరింది. గుచ్చిన పుల్ల వెన్నలోకి దిగినట్టు దిగింది. తువ్వాళ్లలో చుట్టి ఖాళీ ఐస్‌బాక్స్‌లో రెండు గంటలు ఉంచాం. ఈ విశ్రాంతి మానకండి, రసం మాంసంలోనే నిలుస్తుంది. కొవ్వున్న వైపు అద్భుతంగా కుదిరింది. పలుచటి వైపు కొంచెం ఎండిపోయింది.

మిగిలింది డాలస్ తెచ్చాం. మరుసటి రోజు తమ్ముడు దాన్ని ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలతో వేయించి వేడన్నంలోకి వడ్డించాడు.